సైకిల్ దారి లేని చోట సైకిల్: అద్దంకి రోడ్డు వదిలేయండి, ఊళ్ల రోడ్డు పట్టండి

అమ్మా, మీరు అడిగింది ఇదీ. ఉండేది నల్లగొండలో, బడి తిప్పర్తి దిక్కు రోడ్డుకు తూర్పున లోపలి ఊళ్లో. మొత్తం పదహారు కిలోమీటర్లు. అందులో పదకొండు అద్దంకి రోడ్డు (మిర్యాలగూడ మీదుగా అద్దంకి పోయే పెద్ద రోడ్డు), మిగతా ఐదు ఊరి రోడ్డు. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ రోజూ నడవమన్నాడు, నడిచే తీరిక దొరకడం లేదు, అందుకని సైకిల్ మీద బడికి పోతే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని మీ ఆలోచన. దారిలో ఎక్కడా సైకిళ్లకని వేరే జాగా లేదు, ఇంట్లో వాళ్లు వద్దంటున్నారు. పోవచ్చా, ఏ సైకిల్ కొనాలి అని అడిగారు.

పోవచ్చు. కానీ ఆ పదకొండు కిలోమీటర్లు మాత్రం సైకిల్ మీద వద్దు.

నేను తపాలా శాఖలో మెయిల్ ఓవర్‌సీర్‌గా చేసి రిటైరైన మనిషిని. ఊళ్లల్లో బ్రాంచి పోస్టాఫీసులు తిరిగి చూసి రావడం మా పని. బస్సు పోయే ఊరు సగమే ఉండేది, మిగతా సగం సైకిలే. ఇప్పుడు కొడుకు కొనిచ్చిన గేర్ల సైకిల్ మీద పొద్దున పానగల్లు దాకా పోయి ఉదయ సముద్రం కట్ట మీద కాసేపు కూర్చుని వస్తుంటాను. ఇన్నేళ్లలో గట్టిగా పడింది రెండుసార్లు, ఒకసారి మణికట్టు విరిగింది. ఆ కథ కింద చెప్తాను, మీకు పనికొస్తుంది.

మీ ఇంట్లో వాళ్లు భయపడేది సైకిల్‌ని చూసి కాదు, అద్దంకి రోడ్డును చూసి. వాళ్ల భయంలో న్యాయం ఉంది. నాలుగు లైన్ల రోడ్డు మీద లారీకి చట్టం ఇచ్చిన వేగం గంటకు 80 కిలోమీటర్లు, కారుకు 100. మీరు తొక్కేది 15. వెనక 200 మీటర్ల దూరంలో ఉన్న లారీ 11 సెకన్లలో మీ పక్కకొచ్చేస్తుంది, కారైతే ఎనిమిదిన్నర సెకన్లలో. అదే ఊరి రోడ్డు మీద 30 వేగంతో వచ్చే ట్రాక్టర్‌కు ఆ దూరం పూడ్చి మిమ్మల్ని అందుకోవడానికి 48 సెకన్లు పడుతుంది. 48 సెకన్లంటే చాలా టైం. వెనక్కి చూడొచ్చు, పక్కకు జరగొచ్చు, దిగి చున్నీ సర్దుకుని నిలబడొచ్చు. అందుకే గుంతలు పడ్డ ఊరి రోడ్డు కన్నా అద్దంలా నున్నగా ఉన్న పెద్ద రోడ్డంటేనే నాకు భయం.

"తెల్ల గీత అవతల మీటరున్నర తారు ఖాళీగా ఉంటది కదా, అందులో పోతా" అని రాశారు. కొత్తగా ఎక్కినవాళ్లందరూ ఇదే అనుకుంటారు. ఒకసారి ఆ ఖాళీ జాగాలో ఏమేం ఉంటాయో బస్సు కిటికీలోంచి చూడండి. డ్రైవర్ నిద్రపోతున్న లారీ, టైరు పగిలిన లారీ చుట్టూ పెట్టిన రాళ్లు (లారీ పోయాక కూడా ఆ రాళ్లు అక్కడే ఉంటాయి), బత్తాయిల కుప్ప పెట్టుకుని అమ్మేవాళ్లు, ఎండాకాలంలో తాటిముంజలవాళ్లు, యూ టర్న్ దూరమని రాంగ్ రూట్లో ఎదురొచ్చే మోటారు సైకిళ్లు. ఆగి ఉన్న ప్రతి లారీ దగ్గరా మీరు గీత దాటి కుడికి, అంటే 80 మీద వచ్చే బండ్ల లైన్లోకి, పోవాలి. అసలు ప్రమాదం అక్కడే. తిన్నగా పోయే సైకిల్‌ని వెనకవాడు ఎట్లాగో తప్పించుకుంటాడు. హఠాత్తుగా అడ్డం వచ్చిన సైకిల్‌ని తప్పించడం ఆయన చేతుల్లో ఉండదు.

రాంగ్ రూట్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎదురొచ్చే బండి కనబడుతుంది కదా, అదే మంచిదని కొందరు పెద్దమనుషులు చెప్తారు. నడిచేవాళ్లకు ఆ మాట సరిపోతుంది, సైకిల్‌కు సరిపోదు. మీ 15, ఆయన 80 కలిసి 95 అవుతుంది. 11 సెకన్ల టైం ఎనిమిది లోపుకు పడిపోతుంది. పైగా సందులోంచి రోడ్డెక్కేవాడు కుడి దిక్కే చూస్తాడు. ఎడమ నుంచి సైకిల్ వస్తుందని వాడు కలలో కూడా అనుకోడు.

హైదరాబాదులో ఔటర్ పక్కన 2023లో సోలార్ పలకల కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు. చూసొచ్చాను, బాగుంది, నీడన తొక్కొచ్చు. అది మన మిర్యాలగూడ రోడ్డు దాకా వచ్చేసరికి మీరూ రిటైరవుతారు. ఉన్న రోడ్లతోనే పని నడుపుకోవాలి.

మీకు నేను చెప్పేదేమంటే, మొదటి రెండు నెలలూ బస్సు, సైకిల్ కలిపి నడపండి. 2023 డిసెంబరు నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. పల్లె వెలుగు ఎక్కి మీ స్టేజీ దగ్గర దిగండి. సైకిల్‌ని స్టేజీ దగ్గరున్న కిరాణా కొట్టులోనో, హోటల్ వెనకో పెట్టుకోండి. టీచరమ్మ సైకిల్ అంటే మన దిక్కు ఎవరూ కాదనరు, దసరాకు ఏమన్నా ఇచ్చి పలకరిస్తే చాలు. అక్కడి నుంచి ఐదు కిలోమీటర్లు, మళ్లీ సాయంత్రం ఐదు. రోజుకు నలభై నిమిషాల పైన తొక్కినట్టు. మీ డాక్టర్ అడిగింది కూడా అంతకు మించి ఉండదు. బస్సు దొరకని రోజు ఆటోలో స్టేజీ దాకా పోయినా సైకిల్ అక్కడే ఉంటుంది.

మొత్తం దూరం తొక్కాల్సిందే అనిపిస్తే అప్పుడు ఊరి మీద ఊరు పట్టుకుని పోయే దారి వెతకండి. నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువవుతుంది. ఆ దారి కారున్నవాళ్లకు తెలియదు. పొద్దున్నే పాల క్యాన్లు వేసుకుని తిరిగే ఆటోవాణ్ని అడగండి, గ్యాస్ బండి డ్రైవర్‌ని అడగండి. ఫోన్లో మ్యాప్ చూస్తే ఉపగ్రహం బొమ్మ పెట్టుకుని చూడండి, కాలువ కట్టలు కూడా కనబడతాయి. మన దిక్కు ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలు, హాలియా మిర్యాలగూడ దిక్కు సాగర్ ఎడమ కాలువ, వీటి కట్టల మీద చాలా చోట్ల సైకిల్ హాయిగా పోతుంది. బండ్లు ఉండవు, చెట్ల నీడ ఉంటుంది. కానీ ఆడమనిషి ఒక్కతే పోయే దారిగా కట్టను నేను చెప్పను. మనుషుల తిరుగుడు తక్కువ, ఒక పక్క నీళ్లు, రెయిలింగ్ ఉండదు, చీకటి పడితే పురుగూ పుట్రా. ఆదివారం ఇద్దరు ముగ్గురు కలిసి పోవడానికైతే దాన్ని మించిన దారి లేదు.

ఇక రోడ్డు మీద ఎక్కడ తొక్కాలి. ఇది చాలామందికి తప్పుగా తెలిసిన సంగతి, కాబట్టి జర విడమరిచి చెప్తాను.

2000లో గ్రామ సడక్ యోజన మొదలయ్యాక మన ఊళ్లకు పడిన తారు రోడ్లలో ఎక్కువ భాగం 3.75 మీటర్ల వెడల్పువి. ఆర్టీసీ బస్సు వెడల్పు సుమారు 2.6 మీటర్లు. తీసేస్తే మిగిలేది 1.15. మీ హ్యాండిల్ వెడల్పు 60 సెంటీమీటర్లు. అంటే మీరు తారు అంచును అంటుకుని పోయినా, బస్సు అవతలి అంచును అంటుకుని పోయినా మధ్యలో రెండడుగులు కూడా ఉండదు. ఈ రోడ్డు మీద బస్సు, సైకిల్ ఒకేసారి పట్టవు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, ఏం చేయాలో దానంతట అదే తేలిపోతుంది. బస్సు చప్పుడు వినబడగానే మొరం దిక్కు చదునుగా ఉన్న చోటు చూసుకుని, అక్కడి దాకా రోడ్డు నడిమినే పోయి, ఆగి, దిగి, బస్సును పోనిచ్చి మళ్లీ ఎక్కండి. సిగ్గుపడాల్సిన పని లేదు. దినానికి రెండు మూడు సార్లు దిగాల్సి వస్తుంది, అంతే. మీరు నడిమిన ఉన్నంతసేపూ డ్రైవర్ వేగం తగ్గిస్తాడు. అంచున ఉంటే సందు దొరికిందనుకుని దూరుస్తాడు.

మండల కేంద్రాలను కలిపే రోడ్లు ఐదున్నర మీటర్లో ఏడు మీటర్లో ఉంటాయి. ఏడు మీటర్ల రోడ్డు మీద తారు అంచు నుంచి మూడడుగులు లోపలికి ఉండండి. ఎదురుగా ఒక లారీ, వెనక ఒక బస్సు, రెండూ మీ దగ్గరే కలిసేట్టుంటే మాత్రం పంతానికి పోకండి, దిగండి. రోడ్డు మనదా వాడిదా అనే పంచాయితీ దవాఖానలో తెగదు.

అంచున ఎందుకు ఉండొద్దంటే, నా మణికట్టు విరిగింది అక్కడే. 2009 ఎండాకాలం, కనగల్లు దిక్కు నుంచి వస్తున్నాను. పాత రోడ్డు మీద కొత్తగా ఇంకో పొర తారు వేశారు, పక్కన మొరం పోయలేదు. రోడ్డుకూ మట్టికీ నాలుగు వేళ్ల ఎత్తు తేడా. వెనక లారీ హారన్ కొట్టింది. నిజానికి అది ఇంకా చాలా దూరంలో ఉంది, నేనే ఉలిక్కిపడి ఎడమకు జరిగాను. ముందు చక్రం మట్టిలోకి దిగింది. దిగినందుకు ఏమీ కాలేదు, సైకిల్ బాగానే పోతోంది. తప్పు ఆ తర్వాత చేశాను. వెంటనే రోడ్డెక్కాలని హ్యాండిల్ కొంచెం కుడికి తిప్పాను. చక్రం తారు గోడకు ఒరుసుకుంది, రబ్బరు చర్రుమన్న చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. చక్రం ఎక్కలేదు, హ్యాండిల్ తిరగలేదు, సైకిల్ నా కింద నుంచి ఎడమకు పోయింది, నేను కుడికి, రోడ్డు మీదికి, కుడి చెయ్యి ఆనించి పడ్డాను. లారీ ఆయన బ్రేక్ కొట్టి ఆపి, దిగొచ్చి, నన్ను లేపి నీళ్లు తాగించాడు. ఆయన హారన్ కొట్టింది మర్యాదకే.

అందుకే చక్రం అంచు దిగితే దిగనివ్వండి. మట్టి మీదే తిన్నగా పోండి, వెనక బ్రేక్ మెల్లగా నొక్కండి, ఆగండి, సైకిల్ ఎత్తి రోడ్డు మీద పెట్టుకోండి. కదులుతూ ఎక్కాలంటే చక్రం అంచుకు అడ్డంగా, గోడకు ఎదురుగా పోయినట్టు రావాలి. ఏటవాలుగా రుద్దుకుంటూ ఎన్నడూ ఎక్కదు. రైలు పట్టాలకూ ఇదే లెక్క. మన బీబీనగర్ నడికుడి లైను గేట్ల దగ్గర కొన్ని చోట్ల రోడ్డు పట్టాలను ఏటవాలుగా దాటుతుంది. అక్కడ సైకిల్‌ని పట్టాలకు అడ్డంగా తిప్పుకుని దాటండి, వానలో అయితే దిగి నడిపించుకుపోండి. తడిసిన ఇనుము మీద చక్రం సబ్బు మీద పెట్టినట్టే జారుతుంది.

ఇప్పుడు వడ్లు. సైకిల్ గురించి రాసేవాళ్లెవరూ దీని గురించి రాయరు, ఎందుకంటే వాళ్ల ఊళ్లో రోడ్డు మీద వడ్లు ఆరబోయరు. మనకు అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా వానాకాలం పంట, ఏప్రిల్, మే నెలల్లో యాసంగి. హార్వెస్టర్ కోసిన వడ్లలో తేమ ఎక్కువ. సర్కారు తరఫున వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో 17 శాతం లోపు తేమ ఉంటేనే కాంటా పెడతారు. కల్లాలు లేవు, ఉన్న చోట చాలవు. రైతు ఎక్కడ ఆరబోస్తాడు? నల్లగా, వేడిగా, ఊడ్చినట్టుండే తారు రోడ్డు మీదే. కాబట్టి కోపం తెచ్చుకోకండి, మీ బడి పిల్లల నాన్నలే వాళ్లు.

కోపం లేకున్నా జాగ్రత్త ఉండాలి. వడ్ల మీద చక్రం బేరింగ్ గుండ్ల మీద నడిచినట్టు ఉంటుంది. బ్రేక్ కొట్టినా, హ్యాండిల్ తిప్పినా పడిపోతారు. ఎక్కక తప్పకపోతే తొక్కడం ఆపి, తిన్నగా, సైకిల్ దాని ఊపులో అది పోయేట్టు పోనివ్వండి. సగం రోడ్డు వడ్లకు పోయింది కాబట్టి మిగిలిన సగంలో రెండు దిక్కుల బండ్లూ వస్తాయి. కుప్ప మొదలయ్యే ముందే ఆగి, ఎదురు బండి పోయాక కదలండి. పగలు ఇంతే. చీకటి పడ్డాకే అసలు కష్టం. వడ్ల మీద నల్ల టార్పాలిన్ కప్పి చుట్టూ బండరాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల కవర్, దాని మీద నల్ల రాయి, లైటు పడితే తప్ప కనబడదు. వడ్లు ఎత్తాక రాళ్లు తీయడం మరిచిపోతారు కూడా. ఆ రెండు సీజన్లలో బడి నుంచి ఆలస్యమైతే సైకిల్ అక్కడే వదిలేసి ఎవరి బండి మీదైనా రండి.

నాట్లప్పుడు ఇంకో తీరు. దమ్ము చేసిన ట్రాక్టర్లు పొలంలోంచి రోడ్డెక్కి మట్టి పెళ్లలు రాలుస్తూ పోతాయి. చినుకు పడితే అది జారుడు బండ. ఇనుప చక్రాలతోనే తారు మీద నడిపే ఘనులూ ఉన్నారు, ఆ పళ్ల గాట్లు రోడ్డు మీద వరుసగా కనబడతాయి. సన్న టైరైతే అందులో ఇరుక్కుంటుంది.

బండ్ల సంగతి. ఆర్టీసీ డ్రైవర్లతో నాకు పెద్దగా తకరారు రాలేదు, రోజూ అదే రోడ్డు మీద తిరిగేవాళ్లు, వారం తిరిగేసరికి మిమ్మల్ని గుర్తుపడతారు. కానీ మిమ్మల్ని దాటేసి వంద గజాల్లో స్టేజీ దగ్గర ఆపుతారు, మీరు వెనకే గుద్దుకునేట్టు ఉండకండి. ఆటోలు చెయ్యెత్తిన చోటల్లా ఆగుతాయి, ఆటో వెనక ఎప్పుడూ రెండు సైకిళ్ల దూరం ఉంచండి. పత్తి ట్రాక్టర్, గడ్డి ట్రాక్టర్ లోడు ట్రాలీ బయటికి రెండు దిక్కులా మూడేసి అడుగులు పొంగి ఉంటుంది. ట్రాలీ పోయింది కదా అనుకుంటే గడ్డి మొహానికి కొడుతుంది. ఆ లోడు వస్తుంటే దిగడమే. రెండు ట్రాలీలు తగిలించుకున్న ట్రాక్టర్ కూడా అంతే, మలుపులో రెండో ట్రాలీ మొదటిదాని దారిలో రాదు, లోపలికి కోస్తుంది.

కనబడడం గురించి. మీ బడి తూర్పున అన్నారు. పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమరకు. అంటే రెండు పూటలా సూర్యుడు మీకు ఎదురే, మీ వెనక వచ్చే డ్రైవర్‌కూ ఎదురే. డిసెంబరు, జనవరిలో బడి టైంకు పొద్దు కిందే ఉంటుంది. ఆయన కళ్లలో ఎండ కొడుతుంటే మీరు ఆయనకు ఒక నీడ, అంతే. అప్పుడు ఎర్ర చున్నీ కూడా నల్లగానే కనబడుతుంది. అందుకని వెనక ఎర్ర లైటు పగలు కూడా వేసి ఉంచండి, పగలు మిణుకుమిణుకుమనేట్టు, చీకట్లో నిలకడగా. చీకట్లో మిణికే లైటు ఎంత దూరంలో ఉందో వెనకవాడికి అంచనా దొరకదు. రేడియం స్టిక్కర్ ముక్కలు పెడల్ అంచులకు, చెప్పుల మడమకు అంటించండి. మడ్‌గార్డు మీద అంటించిన రేడియం మైలురాయిలా కనబడుతుంది. కిందికీ పైకీ ఆడే రేడియం కనబడితే సైకిల్ మీద మనిషి ఉన్నాడని ఏ డ్రైవర్‌కైనా అర్థమైపోతుంది. హ్యాండిల్‌కు కుడి వైపు అద్దం పెట్టించుకోండి. మెడ తిప్పి చూసినప్పుడల్లా సైకిల్ అటే పోతుంది కొత్తలో.

ఏ సైకిల్ అంటారా, గేర్లు, డిస్క్ బ్రేకులు చూసి మురిసిపోకండి. మీకు కావలసింది నడుమ డండా కిందికి వంగిన లేడీస్ సైకిల్. డండా మీదుగా కాలు తిప్పే పని ఉండదు కాబట్టి బస్సు వచ్చినప్పుడు టక్కున దిగొచ్చు. చైన్ మీద పూర్తి కవర్ ఉండాలి, చీరకైనా చున్నీకైనా. చున్నీని వెనక ముడేసి పిన్ను పెట్టండి. వెనక క్యారేజీ, ఒక బుట్ట. టిఫిన్ బాక్స్ సంచి హ్యాండిల్‌కు తగిలించకండి, ఊగి ఊగి ఒకనాడు చక్రంలో పడుతుంది. కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లు నేలకు ఆనేంత ఎత్తులో సీటు పెట్టండి. మన దిక్కు అందరూ సీటు మరీ కిందికి దించి తొక్కుతారు, తర్వాత మోకాళ్లు నొప్పులంటారు.

టైరు మాత్రం చూసి తీసుకోండి. సన్న టైరు వద్దు, నలభై మిల్లీమీటర్ల దగ్గరిది లేదా అంతకన్నా లావు. 26 అంగుళాల చక్రమైతే ట్యూబు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది. వాల్వు మోటారు సైకిల్‌కు ఉండే రకమే ఉండాలి. సన్నగా పెన్ను మూతలా ఉండే వాల్వుకు ఊళ్లో పంక్చర్ షాపులో గాలి పట్టరు, గొట్టం కలవదు. గాలి రాయిలా గట్టిగా కొట్టించకండి, ఆ టైరుకు 50 పీఎస్ఐ చాలు. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొంచెం లొంగాలి.

పంక్చర్లు తప్పవు. మన రోడ్ల పక్కనంతా సర్కారు తుమ్మ. దాన్ని జేసీబీతో చెక్కిన వారం ఆ రోడ్డు మీద పోకపోవడమే మేలు, ముళ్లు తారంతా పరుచుకుని ఉంటాయి. ఇక వానలు వెనకబట్టాక పల్లేరు కాయలు. సైకిల్ మట్టిలోకి దించి స్టాండ్ వేశారా, ఎక్కేసరికి టైరుకు నాలుగు అంటుకుని ఉంటాయి. ఎక్కే ముందు చక్రం ఒక చుట్టు తిప్పి చెప్పుతో రుద్దేయండి. ముల్లు గుచ్చుకుని ఉండి గాలి దిగకపోతే దాన్ని పీకకండి, అదే బిరడాలా పట్టి ఉంచుతుంది, పంక్చర్ షాపు దగ్గరికి పోయాక పీకించండి. ట్యూబుకు అతుకు వేశాక టైరు లోపల వేళ్లతో మెల్లగా తడమమని చెప్పండి. విరిగిన మొన లోపలే ఉంటే రేపు అదే చోట మళ్లీ.

కుక్కలు. పరుగెత్తే చక్రం వెంట అవి పడతాయి, ఆగిన చక్రం వెంట పడవు. దిగి, సైకిల్‌ని మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నడవండి. నూటికి తొంభై సార్లు అక్కడితో సరి. పన్ను తగిలితే చిన్న గీతైనా సరే, పదిహేను నిమిషాలు సబ్బుతో పారే నీళ్ల కింద కడిగి అదే రోజు సర్కారు దవాఖానకు పోయి సూది వేయించుకోండి. పసుపు, కారం పెట్టించుకుంటూ కూర్చోవద్దు.

ఎండ గురించి ఒకటే. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు, పన్నెండున్నరకు వదులుతారు. పొద్దున పోయేటప్పుడు బాగానే ఉంటుంది, ఆ బాగును నమ్మి సైకిల్ మీద పోయినవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు నల్లగొండ ఎండలో తిరిగి రావాలి. ఆ నెలన్నర సైకిల్ ఇంట్లో పెట్టండి, లేదా సాయంత్రం దాకా బడిలోనే ఉండి రండి. జూన్ నుంచి పడమటి గాలి. పొద్దున వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు తీసుకుపోతుంది, సాయంత్రం ఆ బాకీ వడ్డీతో వసూలు చేస్తుంది. ఇంటికి ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుందని ముందే చెప్పి ఉంచండి.

మీ ప్రశ్న కిందనే జడ్చర్ల తమ్ముడొకాయన తనకూ చెప్పమన్నాడు, రోజూ పాలమూరు దాకా తొక్కాలట. తమ్మీ, 44 నంబరు హైవే మీదికి ఎక్కకు, అమ్మకు చెప్పిన లెక్కే అక్కడ ఇంకా కఠినం. రాయచూరు పోయే 167 హైవే మీద కూడా పొద్దున ఏడు దాటాక లారీలు పెరుగుతాయి, ఆ లోపే పాలమూరులో ఉండేట్టు చూసుకో. ఆదివారం పిల్లలమర్రి దాకా పోయి రా, చేతులు కుదురుకుంటాయి. మన్ననూరు మీదుగా శ్రీశైలం సైకిల్ మీద పోతానని రాశావు. అది పులుల అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లనే పోనివ్వరు. ఇప్పుడే వద్దు, ఒక ఏడాది తొక్కినాక నలుగురితో కలిసి పో. ఇంకొకటి, ఇది మీ ఇద్దరికీ: సంక్రాంతికి ముందు మూడు నాలుగు రోజులు విజయవాడ హైవే దరిదాపులకు పోకండి. చౌటుప్పల్, చిట్యాల మీదుగా హైదరాబాదంతా ఆంధ్రకు పోతుంటుంది, జామ్ తప్పించుకునేవాళ్లు మన ఊళ్ల రోడ్ల మీదికి కార్లు మళ్లిస్తారు. వాళ్లకు రోడ్డు తెలియదు, టైం లేదు.

అమ్మా, మీ ఆయనకు ఒక మాట చెప్పండి. వచ్చే ఆదివారం పొద్దున ఇద్దరూ స్టేజీ దాకా పోయి, అక్కడి నుంచి మీరు అద్దెదో అడిగి తెచ్చిందో సైకిల్ మీద, ఆయన మోటారు సైకిల్ మీద బయలుదేరండి. ఆయన్ని పక్కన రానివ్వకండి, చాలా వెనక రమ్మనండి. మీరు ఎంత దూరం నుంచి కనబడుతున్నారు, ఏ మలుపులో కనబడకుండా పోయారు, ఎక్కడ అంచు తెగి ఉంది, ఇవన్నీ ఆయన చూడాలి. మీరు మాత్రం పంక్చర్ షాపు ఎక్కడుందో, కుక్కలు ఏ ఇంటి ముందు ఉంటాయో, దిగి నిలబడడానికి చదునైన చోట్లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. హెల్మెట్ పెట్టుకోండి, సైకిల్‌కు చట్టం అడగదు గానీ నేను అడుగుతాను. బ్యాగులో ఒక కాగితం మీద మీ పేరు, రక్తం గ్రూపు, ఇంటి నంబరు రాసి పెట్టండి.

పోయి వచ్చాక మీ ఎత్తు ఎంతో, ఆ ఐదు కిలోమీటర్లలో తారు వెడల్పు ఎన్ని అడుగులుందో ఇక్కడ రాయండి. సైకిల్ సైజు అప్పుడు చెప్తాను. అంతదాకా కొనకండి.